జాష్ గిబ్సన్‌ని నంబర్ వన్ అనొచ్చా? నీగ్రో లీగ్స్ లెక్కల మీద చర్చ

బాబ్జీ_డాలస్

అందరికీ నమస్కారం. 2024 మే నెలాఖరులో అమెరికాలో అత్యున్నత స్థాయి అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ వాళ్లు, ఒకప్పుడు నల్లవాళ్లకు విడిగా నడిచిన నీగ్రో లీగ్స్ లెక్కలను తమ అధికారిక రికార్డుల్లో కలిపేశారు. దాంతో ఒక్కరోజులో పట్టిక మారిపోయింది. కెరీర్ బ్యాటింగ్ సగటులో ఎన్నో దశాబ్దాలుగా మొదటి స్థానంలో ఉన్న టై కాబ్ .367తో రెండోవాడయ్యాడు. జాష్ గిబ్సన్ .372తో మొదటికొచ్చాడు. స్లగ్గింగ్‌లో బేబ్ రూత్‌ది .690, గిబ్సన్‌ది .718. ఒక సీజన్ సగటులోనూ అంతే. 1894లో హ్యూ డఫీ కొట్టిన .440 కన్నా 1943లో గిబ్సన్ కొట్టిన .466 పైన కూర్చుంది.

విషయమేమిటంటే గిబ్సన్ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. నల్లవాడు కాబట్టి ఆడనివ్వలేదు. ఇప్పుడు అతనే మేజర్ లీగ్ రికార్డుల్లో మొదటివాడు. నేను పనిచేసే చోట దీని మీద రోజూ వాదనే. కొందరికి ఇది న్యాయం, కొందరికి లెక్క తప్పడం. నాకైతే ఇది న్యాయమే. మీరేమంటారు?

చిన్నోడు_శ్రీకాకుళం

బాబ్జీ గారూ, నేను క్రికెట్ మనిషిని, బేస్‌బాల్ ఇప్పుడిప్పుడే చూస్తున్నా. రూత్ పేరు విన్నాను గానీ ఈ గిబ్సన్ పేరు ఎప్పుడూ వినలేదు. .372 అంటే ఎంత గొప్ప? అసలు ఈయన ఎవరు? కొంచెం మొదట్నుంచీ చెప్పండి.

రమణి_పిట్స్‌బర్గ్

చిన్నోడూ, నేను చెప్తాను. ఈయన మా ఊరి మనిషి. ఇక్కడ చాలా ఏళ్లుగా ఉంటున్నాను, ఈయన గురించి దొరికినదంతా చదివాను.

పుట్టింది 1911 డిసెంబర్ 21న, జార్జియాలోని బ్యూనా విస్టా దగ్గర. తండ్రి మార్క్ గిబ్సన్ ఉక్కు మిల్లులో పని వెతుక్కుంటూ పిట్స్‌బర్గ్ వచ్చి, నిలదొక్కుకున్నాక పెళ్లాంపిల్లల్ని తెచ్చుకున్నాడు. దక్షిణాది నుంచి బయటపడెయ్యడమే నాన్న నాకిచ్చిన పెద్ద కానుక అని జాష్ తర్వాత చెప్పుకున్నాడు. ఎలక్ట్రీషియన్ పని నేర్చుకున్నాడు, గింబెల్స్ అనే పెద్ద దుకాణంలో లిఫ్ట్ నడిపాడు, సాయంత్రాలు బంతాట.

1930 జూలైలో హోమ్‌స్టెడ్ గ్రేస్ టీమ్‌లోకి వచ్చాడు. అప్పటికి పద్దెనిమిదేళ్లు. కాన్సస్ సిటీ మోనార్క్స్ అనే టీమ్ లారీల మీద దీపాలు మోసుకొచ్చి రాత్రిపూట ఆటలు పెట్టేది. ఆ మసక వెలుతురులో గ్రేస్ క్యాచర్ వేలికి దెబ్బ తగిలిందనీ, ప్రేక్షకుల్లో కూర్చున్న జాష్‌ని పిలిచి అప్పటికప్పుడు ఆడించారనీ ఒక కథ ఉంది. అదే రాత్రి అలాగే జరిగిందా అన్నదాని మీద పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. ఆ వారంలోనే టీమ్‌లో చేరాడన్నది మాత్రం ఖాయం.

ఇంకో సంగతి ఎవరూ ఎక్కువ చెప్పరు. ఆ ఆగస్టులోనే ఆయన భార్య హెలెన్ కవలల్ని కని, ఆ కాన్పులోనే చనిపోయింది. పిల్లలకి జాష్, హెలెన్ అని అమ్మానాన్నల పేర్లే పెట్టారు. అత్తగారింట్లో పెంచారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు, భార్య పోయి నెల తిరక్కుండా బస్సెక్కి ఊరూరా ఆడటానికి వెళ్లాడు. ఆయన తర్వాతి జీవితం గురించి మాట్లాడేవాళ్లు ముందు ఇక్కడ ఆగి ఆలోచించాలని నా అభిప్రాయం.

లెక్కల_మాస్టారు

రమణి గారు జీవితం చెప్పారు, నేను అంకెలు చెప్తాను. చిన్నోడూ, .372 అంటే వెయ్యిసార్లు బ్యాటింగ్‌కి వచ్చి 372 సార్లు హిట్ కొట్టినట్టు. ఈ రోజుల్లో .300 కొడితే స్టార్ అంటారు. స్లగ్గింగ్ అంటే హిట్‌తో ఎన్ని బేస్‌లు (పరుగు పూర్తికావడానికి దాటాల్సిన నాలుగు మజిలీలు) సంపాదించాడో ఆ మొత్తాన్ని అవకాశాలతో భాగించడం. హోమ్‌రన్ అయితే నాలుగు బేస్‌లు. అందుకే స్లగ్గింగ్‌లో రూత్‌ని దాటడమంటే మాటలు కాదు.

పైగా గిబ్సన్ క్యాచర్. మన భాషలో వికెట్ కీపర్ అనుకో. ఆట మొత్తం గొంతుక్కూర్చుని వందల బంతులు పట్టాలి, ఫౌల్ బంతులు వేళ్లకీ భుజాలకీ తగులుతుంటాయి. మోకాళ్లు అరిగిపోతాయి. క్యాచర్లు బ్యాటింగ్ టైటిల్, అంటే సీజన్‌లో అందరికన్నా ఎక్కువ సగటు, గెలవడమే అరుదు. ఈ కాలంలో జో మావర్ మూడుసార్లు గెలిస్తే అబ్బా అనుకున్నాం. అలాంటిది కెరీర్ సగటులో మొదటి పేరు ఒక క్యాచర్‌ది.

వాసు_న్యూజెర్సీ

అందరూ ఒకవైపే మాట్లాడుతున్నారు, రెండోవైపు నేను చెప్తాను. గిబ్సన్ గొప్పవాడు కాదని కాదు. కానీ లెక్కలోకి తీసుకున్న మ్యాచ్‌లు ఎన్ని? 600 పైచిలుకు. కాబ్ ఆడినవి 3,000 పైచిలుకు. ఇరవై నాలుగు సీజన్ల పాటు, నలభై దాటాక కూడా ఆడి .367 నిలబెట్టుకోవడం వేరు. 1943 నాటి .466 కూడా సుమారు 70 మ్యాచ్‌ల సీజన్‌దే. రెండూ ఒకే పట్టికలో పెట్టి ఒకరి పేరు పైన రాయడం నాకు సమ్మతం కాదు. పక్కన వేరే పట్టిక పెడితే సరిపోయేది.

లెక్కల_మాస్టారు

వాసు గారూ, మీ అభ్యంతరంలో బలముంది. కాకపోతే రెండు విషయాలు గమనించండి.

ఒకటి, 2020లో కరోనా వల్ల మేజర్ లీగ్ ఒక్కో టీమ్‌తో 60 మ్యాచ్‌లే ఆడించింది. ఆ ఏడాది లమేహ్యూ, హువాన్ సోటో బ్యాటింగ్ టైటిళ్లు గెలిచారు. వాటిని ఎవరూ పక్క పట్టికలో పెట్టలేదు. లెక్కలు కలిపిన కమిటీకి అధ్యక్షత వహించిన జాన్ థోర్న్ కూడా ఈ మాటే అన్నాడు. సీజన్ టైటిల్‌కి అర్హత టీమ్ ఆడిన మ్యాచ్‌ల సంఖ్యని బట్టే ఉంటుంది, ఆ నియమమే గిబ్సన్‌కీ పెట్టారు.

రెండు, మ్యాచ్‌లు ఎందుకు తక్కువ? ఆడక కాదు. గ్రేస్ లాంటి టీమ్‌లు ఏడాదికి 150, 200 ఆటలు ఆడేవి. లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా వారాంతాల్లో, పెద్ద స్టేడియాలు అద్దెకు దొరికినప్పుడు. మిగతా రోజుల్లో టీమ్‌కి డబ్బు రావాలంటే చిన్న చిన్న ఊళ్లకు వెళ్లి అక్కడి మిల్లు టీమ్‌లతోనో సెమీ ప్రొఫెషనల్ టీమ్‌లతోనో ఆడాలి. అవేవీ లీగ్ లెక్కలో లేవు. లీగ్ మ్యాచ్‌ల స్కోర్ కార్డులు కూడా అన్నీ దొరకలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లవాళ్ల పత్రికలు వారపత్రికలు. వారానికి ఒక్కసారి వచ్చే పేపర్‌లో అన్ని మ్యాచ్‌ల వివరాలు ఎలా పడతాయి? తెల్లవాళ్ల దినపత్రికలు వీళ్ల ఆటలు చాలావరకు పట్టించుకోలేదు. 2024 నాటికి దొరికినవి నాలుగింట మూడొంతులు మాత్రమే అని మేజర్ లీగే చెప్పింది. గోడ కట్టినవాళ్లే లోపల ఎందుకు ఆడలేదని అడిగితే ఎలా?

బాబ్జీ_డాలస్

మాస్టారూ, బాగా చెప్పారు. వాసు గారికి ఇంకొక్క మాట. గిబ్సన్ 800 హోమ్‌రన్‌లు కొట్టాడు, రూత్ 714 దగ్గరే ఆగాడు. యాంకీ స్టేడియం నుంచి బంతిని బయటికి కొట్టిన ఒకే ఒక్కడు కూడా ఇతనే. ఇంక ఏం కావాలి?

రమణి_పిట్స్‌బర్గ్

బాబ్జీ గారూ, ఇక్కడే నేను మీతో గట్టిగా విభేదిస్తాను. మనం అభిమానంతో ఇలాంటి మాటలు చెప్పినప్పుడే వాసు గారి లాంటివాళ్లకు అనుమానం వస్తుంది.

హాల్ ఆఫ్ ఫేమ్‌లో (బేస్‌బాల్ మహామహుల్ని గౌరవించే చోటు) ఆయన ఫలకం మీద దాదాపు 800 అని ఉంది నిజమే. కానీ అదే వాక్యంలో లీగ్ ఆటలూ స్వతంత్ర ఆటలూ కలిపి, పదిహేడేళ్లలో అని కూడా ఉంది. అందులో మిల్లు టీమ్‌ల బౌలింగ్ మీద కొట్టినవీ ఉన్నాయి. అధికారిక లీగ్ మ్యాచ్‌లలో ఇప్పటిదాకా లెక్కకు వచ్చినవి 200 లోపే. 800ని రూత్ 714 పక్కన పెట్టకూడదు. ఆ 200 లోపు అంకెని ఆడిన మ్యాచ్‌లతో భాగించి చూడండి, మనిషి ఎంతటివాడో అక్కడే తెలుస్తుంది.

యాంకీ స్టేడియం సంగతి కూడా అంతే. బంతి స్టేడియం దాటిపోయిందని తర్వాత చాలామంది చెప్పారు. గిబ్సన్ స్వయంగా చెప్పినదాన్ని బట్టి అది ఎడమవైపు లోతున, బంతి విసిరేవాళ్లు సాధన చేసే బుల్‌పెన్‌లో పడింది. ఆ స్టేడియంలో ఆ మూలకి కొట్టడమే సామాన్యం కాదు.

ఇంకో కథ వినే ఉంటారు. పిట్స్‌బర్గ్‌లో కొట్టిన బంతి ఆకాశంలోకి వెళ్లి కనపడకుండా పోయింది. మర్నాడు ఫిలడెల్ఫియాలో ఆట జరుగుతుండగా పైనుంచి ఒక బంతి పడితే ఫీల్డర్ పట్టుకున్నాడు. అంపైర్ గిబ్సన్ వైపు తిరిగి, నువ్వు నిన్న పిట్స్‌బర్గ్‌లో అవుట్ అన్నాడట. ఇది నాకు చాలా ఇష్టమైన కథ. పేపర్లు రాయకపోతే జనం తమ హీరోని ఇలా నోటితోనే బతికించుకున్నారు. కథని కథగా చెప్పుకుందాం, లెక్కలో మాత్రం కలపొద్దు.

చిన్నోడు_శ్రీకాకుళం

అక్కా, ఇది అదిరింది. మరి ఆయన ఆడుతుంటే ఎలా ఉండేదో ఎక్కడైనా రాశారా?

రమణి_పిట్స్‌బర్గ్

రాశారు. ఆరడుగుల ఒక అంగుళం ఎత్తు, రెండొందల పౌన్లు దాటిన బరువు. కుడిచేతి వాటం. టోపీ ముందు అంచు పైకి తిప్పి, ఎడమ చేతి చొక్కా మడిచి నిలబడేవాడు. పాదాలు రెండూ నేలకి ఆనించి, దాదాపు కదలకుండా. బంతి వచ్చేటప్పుడు ముందుకేసే అడుగు చాలా చిన్నది. రూత్ లాగా ఒళ్లంతా తిప్పి కొట్టడం కాదు, భుజాలూ మణికట్లూ చేసిన పని. అందుకే చివరి క్షణం దాకా బంతిని చూసే వీలుండేది. అందుకే పవర్ హిట్టర్ అయ్యుండి కూడా సగటు .372.

మైదానాలు కూడా చూడండి. పిట్స్‌బర్గ్ ఫోర్బ్స్ ఫీల్డ్‌లో లోతైన మూల 457 అడుగులు. తర్వాత గ్రేస్ సొంతగడ్డగా వాడుకున్న వాషింగ్టన్ గ్రిఫిత్ స్టేడియంలో ఎడమ గోడ 400 అడుగుల పైనే. కుడిచేతి బ్యాటర్‌కి ఇంతకంటే కష్టమైన మైదానాలు అరుదు.

అట్లాంటా_విజయ

గ్రిఫిత్ స్టేడియం పేరొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఆ స్టేడియం యజమాని క్లార్క్ గ్రిఫిత్‌దే వాషింగ్టన్ సెనేటర్స్ అనే మేజర్ లీగ్ టీమ్ కూడా. సెనేటర్స్ ఎక్కువగా పట్టిక అడుగునే ఉండేవాళ్లు. వాళ్లు ఊళ్లో లేనప్పుడు గ్రేస్ అక్కడ ఆడి అద్దె కట్టేవాళ్లు. గిబ్సన్, అతని టీమ్‌మేట్ బక్ లెనర్డ్ అక్కడ బంతుల్ని చితక్కొడుతుంటే గ్రిఫిత్ కళ్లారా చూశాడు. ఒకసారి ఇద్దరినీ ఆఫీసుకి పిలిపించి, మేజర్ లీగ్‌లో ఆడతారా అని అడిగాడట. ఆడతామన్నారు. ఆ తర్వాత ఏ కబురూ లేదు. ఈ సంగతి లెనర్డే చెప్పాడు.

నల్లవాళ్లని తీసుకోకూడదని ఎక్కడా రాసిపెట్టిన నియమం లేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడాడు కూడా. తర్వాత యజమానులందరూ ఒక మాట మీద ఉండిపోయారు, అంతే. కాగితం మీద లేని నియమాన్ని కోర్టులో ఎలా ఎదుర్కొంటారు? సెనేటర్స్ మహా బౌలర్ వాల్టర్ జాన్సన్, గిబ్సన్ లాంటి క్యాచర్ని కొనాలంటే రెండు లక్షల డాలర్లు పెట్టొచ్చని అన్నాడు. నల్లవాడు కావడమే పాపం అన్నట్టు ఆ మాట ముగించాడు.

వాసు_న్యూజెర్సీ

విజయ గారూ, ఈ అన్యాయాన్ని నేను ఎక్కడా కాదనలేదు. నా అభ్యంతరం గణితం గురించే. అన్యాయం జరిగింది కాబట్టి రికార్డు ఇవ్వాలంటే అది జాలితో ఇచ్చినట్టవుతుంది. గిబ్సన్ లాంటి వాడికి జాలి అవసరం లేదు.

లెక్కల_మాస్టారు

జాలి అవసరం లేదన్నది నూటికి నూరుపాళ్లు ఒప్పుకుంటాను. అందుకే ఇంకో ఆధారం చూద్దాం. ఆ లీగ్‌ల స్థాయి ఎంత? గోడ కూలి నల్లవాళ్లని మేజర్ లీగ్‌లోకి తీసుకున్నాక అక్కణ్నుంచి వెళ్లినవాళ్లు ఏం చేశారో చూడండి. రాయ్ కాంపనెల్లా కూడా క్యాచరే, నీగ్రో లీగ్స్‌లో గిబ్సన్ తర్వాతే అతని పేరు చెప్పేవాళ్లు. మేజర్ లీగ్ టీమ్ డాడ్జర్స్‌కి వెళ్లి 1951, 1953, 1955లో మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడి అవార్డు గెలిచాడు. నీగ్రో లీగ్స్ మహా బౌలర్ సాచెల్ పెయిజ్ 1948లో 42 ఏళ్ల వయసులో క్లీవ్‌లాండ్‌కి మొదటిసారి ఆడి మ్యాచ్‌లు గెలిపించాడు. వీళ్ల బౌలింగ్ మీద, వీళ్ల మధ్య .372 కొట్టినవాడు తేలికైన లీగ్‌లో కొట్టాడని ఎలా అంటాం?

కృష్ణాతీరం

ఆలస్యంగా వచ్చాను, అంతా చదివాను. మన దేశంలో ఇలాంటి కథ పల్వంకర్ బాలూది. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టులో వంద దాటి వికెట్లు తీశాడు. చర్మకారుల కులంలో పుట్టాడని పూనాలో టీ విరామంలో మిగతావాళ్లకి పింగాణీ కప్పులు, అతనికి బయట మట్టి ముంతలో. హిందూ జట్టుకి కెప్టెన్సీ అతనికి చివరిదాకా ఇవ్వలేదు. తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యేసరికి 1923 వచ్చింది.

అట్లాంటా_విజయ

కృష్ణాతీరం గారూ, పోలిక బాగుంది, ఒక తేడా కూడా ఉంది. బాలూ బౌలింగ్ కావాలి కాబట్టి అతన్ని మైదానంలోకి రానిచ్చి బల్ల దగ్గర దూరం పెట్టారు. గిబ్సన్‌ని మైదానంలోకే రానివ్వలేదు. అందుకే బాలూ వికెట్లు ఇంగ్లండ్ కౌంటీల పక్కన రాసి ఉన్నాయి, గిబ్సన్ పరుగుల కోసం పాత పేపర్లు తవ్వాల్సొస్తోంది.

బాబ్జీ_డాలస్

పెయిజ్ పేరొచ్చింది కదా, ఆ ఇద్దరి పోటీ సంగతి కూడా ఎవరైనా చెప్పండి. అది లేకపోతే ఈ థ్రెడ్ నిండదు.

రమణి_పిట్స్‌బర్గ్

చెప్తాను. ఇద్దరూ ముందు ఒకే టీమ్. 1932లో గస్ గ్రీన్‌లీ అనే నంబర్స్ లాటరీ వ్యాపారి పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్ కోసం సొంత స్టేడియం కట్టించి, మంచి ఆటగాళ్లనందరినీ లాగేశాడు. గిబ్సన్, పెయిజ్, కూల్ పాపా బెల్, ఆస్కర్ చార్ల్‌స్టన్, జూడీ జాన్సన్. అయిదుగురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్లారు. 1937లో డొమినికన్ రిపబ్లిక్ నియంత ట్రుహియో పేరు మీద నడిచే టీమ్ డబ్బు ఎర చూపితే చాలామంది అక్కడికి వెళ్లారు. ఆ ఏడే గిబ్సన్ మళ్లీ గ్రేస్‌కి మారాడు. 1940, 41లో వెనెజువేలా, మెక్సికో. హోటల్లో గది దొరికేది, ఏ రెస్టారెంట్లోనైనా కూర్చుని తినగలిగేవాడు, జీతం కూడా ఎక్కువ. గ్రేస్ యజమాని కంబర్‌లాండ్ పోజీ పదివేల డాలర్లకు దావా వేస్తే గానీ తిరిగి రాలేదు.

1942 నీగ్రో వరల్డ్ సిరీస్‌లో పెయిజ్ మోనార్క్స్ తరఫున, గిబ్సన్ గ్రేస్ తరఫున. ఫోర్బ్స్ ఫీల్డ్‌లో రెండో మ్యాచ్. ముగ్గురు రన్నర్లతో బేస్‌లు నిండాయి, గిబ్సన్ వచ్చాడు. పెయిజ్ మూడే మూడు బంతుల్లో స్ట్రైకవుట్ చేశాడు. గిబ్సన్ కోసమే కావాలని ముందువాళ్లకి దూరంగా బంతులు వేసి వాక్‌తో, అంటే ఉచితంగా, మొదటి బేస్‌కి పంపాడన్నది తర్వాత చేరిన కథ. ఆ సిరీస్‌లో గిబ్సన్ ఏమీ ఆడలేకపోయాడు, మోనార్క్స్ నాలుగుకి నాలుగూ గెలిచారు.

తర్వాతి నెలల్లోనే అసలు సమస్య బయటపడింది. 1943 జనవరి 1న స్పృహ తప్పి పడిపోయాడు. మెదడులో కణితి అన్నారు. ఆపరేషన్ వద్దన్నాడు. తలనొప్పి, బీపీ, తాగుడు. ఆస్పత్రికీ మైదానానికీ మధ్య తిరుగుతూ ఆడిన ఆ ఏడాదే .466. గ్రేస్ 1943, 1944 వరల్డ్ సిరీస్‌లు రెండూ గెలిచారు.

చిన్నోడు_శ్రీకాకుళం

ఇప్పుడు అర్థమైంది ఆ .466 అంకె వెనక ఏముందో. చివరికి ఏమైంది?

రమణి_పిట్స్‌బర్గ్

1947 జనవరి 20న పిట్స్‌బర్గ్‌లో పోయాడు. స్ట్రోక్. ముప్ఫై అయిదేళ్లు. ఏప్రిల్ 15న జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ తరఫున బరిలోకి దిగాడు, మేజర్ లీగ్ గోడ కూల్చింది అతనే. మధ్యలో మూడు నెలలు కూడా లేవు.

తనని కాదని రాబిన్సన్‌ని తీసుకున్నందుకు గుండె పగిలి చనిపోయాడని చాలాచోట్ల రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. నాలుగేళ్లుగా ఒంట్లో పెద్ద జబ్బు పెట్టుకుని, ఆడుతూనే ఉన్న మనిషి ఆయన. బాధ లేదనను, ఎందుకుండదు? కానీ జబ్బుని పక్కన పెట్టి విరహగీతం పాడితే, ఆ జబ్బుతో ఆయన ఆడిన ఆట చిన్నబోతుంది.

అలెఘెనీ స్మశానంలో పాతిపెట్టారు. 1972లో లెనర్డ్‌తో కలిపి హాల్ ఆఫ్ ఫేమ్ ఇచ్చారు, అప్పటికీ సమాధి మీద పేరు రాసిన రాయి లేదు. 1975లో పెట్టారు. పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చే మనవాళ్లు ఏటా వేలల్లో ఉంటారు. అక్కణ్నుంచి ఈ స్మశానం ఉన్న లారెన్స్‌విల్ కారులో పెద్ద దూరం కాదు. స్మశానం ఆఫీసులో అడిగితే దారి చెప్తారు. గ్రీన్‌లీ స్టేడియం చూద్దామంటే మాత్రం లేదు, 1938లోనే పడగొట్టి ఇళ్లు కట్టేశారు.

వాసు_న్యూజెర్సీ

రమణి గారూ, ఈ పోస్టు కోసమైనా థ్రెడ్‌లోకి వచ్చినందుకు సంతోషం. పట్టిక విషయంలో నా మాట నాదే. మ్యాచ్‌ల సంఖ్య పక్కనే కనపడేలా ముద్రించాలి, అప్పుడు చదివేవాడే నిర్ణయించుకుంటాడు. క్యాచర్లలో ఇంత గొప్ప బ్యాటర్ ఎప్పుడైనా ఉన్నాడా అంటే లేడు. అందులో నాకు ఏ అనుమానమూ లేదు.

లెక్కల_మాస్టారు

మ్యాచ్‌ల సంఖ్య పక్కన వేయడానికి నేనూ సరే అంటాను. ఒకటి గుర్తుంచుకోండి, ఈ .372 రాతి మీద చెక్కిన అంకె కాదు. కొత్త స్కోర్ కార్డు దొరికినప్పుడల్లా అటో ఇటో కదులుతుంది. పెన్సిల్వేనియా, ఒహాయో, వెస్ట్ వర్జీనియాలో ఉండే మనవాళ్లకి ఒక విన్నపం. మీ ఊరి లైబ్రరీలో పాత స్థానిక పత్రికల మైక్రోఫిల్మ్ ఉంటే, 1930 నుంచి 1946 దాకా వేసవి నెలలు తిప్పి చూడండి. హోమ్‌స్టెడ్ గ్రేస్ పేరు కనపడితే తేదీ, పేజీ నంబరుతో సహా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. లీగ్ మ్యాచా కాదా అన్నది నేను సరిచూసి, ఈ లెక్కలు సేకరించే పరిశోధకులకు పంపిస్తాను.

బాబ్జీ_డాలస్

మా పెద్దమ్మాయి పిట్స్‌బర్గ్‌కి రెండు గంటల దూరంలో చదువుతోంది. అక్కడి లైబ్రరీలో ఏ పేపర్లు, ఏ సంవత్సరాలవి ఉన్నాయో ఈ వారాంతం కనుక్కోమని చెప్పాను. జాబితా రాగానే పెడతాను మాస్టారూ.